తేలిన లెక్కకు దిక్కెవరు?

తప్పు పట్టుకోవడం మనకు చేతకాక కాదు. పట్టుకున్న తప్పును ఏం చేయాలో తేల్చే తెగువే మన ప్రభుత్వాలకు లేదు. ఉపాధి పనుల్లో సామాజిక తనిఖీ మొదలై రెండు దశాబ్దాలైంది. కాగ్ నివేదికలు చట్టసభల బల్లల మీదికి వస్తూనే ఉన్నాయి. గద్దె మారినప్పుడల్లా శ్వేతపత్రాలు వెలువడుతున్నాయి. లెక్కలు తీయడంలో లోటేమీ లేదు, లోటంతా ఆ తర్వాతే. తప్పుకు బాధ్యుడెవరు, మింగిన సొమ్ము తిరిగొచ్చిందా, మళ్లీ జరగకుండా ఏం మార్చారు అని అడిగితే జవాబు చెప్పే కుర్చీ ఒక్కటీ కనిపించదు. పథకాల మదింపే సుపరిపాలనకు పునాది అని సదస్సుల్లో వల్లించే పాలకులు ఆ మదింపును అటకెక్కే కాగితాల కట్టగా మార్చేశారు. జనం నమ్మకాన్ని చేజేతులా తగలేసుకున్నారు. ఈ నేరంలో ఏ పార్టీకీ మినహాయింపు లేదు.

సామాజిక తనిఖీ ప్రజావేదికను ఒక్కసారైనా చూసినవారికి మదింపు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మండల పరిషత్ కార్యాలయం ముందు షామియానా, బల్ల వెనక అధికారులు, ఎదురుగా జంపఖానా మీద కూలీలు. తనిఖీ బృందంలో ఒక కుర్రాడు లేస్తాడు. కూలీల ఇంట్లో పుట్టి ఇంటర్ దాకా చదివినవాడు. మైకు పుచ్చుకుని మస్టరు చదువుతాడు: పేరు, జాబ్ కార్డు నంబరు, పనిదినాలు, చెల్లించిన కూలి. ‘ఆ వారం నేను పనికే పోలే సారూ, మా ఆడబిడ్డ పురుడుకు పోయిన’ అంటుంది ఒక మహిళ, కొంగు సర్దుకుని నిలబడి. ‘ఈ పేరాయన చచ్చిపోయి రెండేళ్లయింది’ అని వెనక నుంచి మరో గొంతు. ఫీల్డ్ అసిస్టెంట్ తల వంచుకుంటాడు, టెక్నికల్ అసిస్టెంట్ ఎం.బుక్ (కొలతల పుస్తకం) పేజీలు తిప్పుతాడు. అంతవరకు ఆఫీసు గుమ్మం తొక్కడానికే జంకిన మనిషి ఆ కాసేపు రాజ్యాన్ని లెక్క అడుగుతుంది. రాజ్యాంగంలోని ప్రజాస్వామ్యం మండల కేంద్రం దాకా నడిచొచ్చే అరుదైన క్షణాల్లో అదొకటి.

ఈ పద్ధతికి విత్తనం వేసింది రాజస్థాన్ కూలీలు. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన జన సున్‌వాయిల్లో ఊరి పనుల బిల్లులను ఊరివాళ్ల ముందే చదివి వినిపించారు. ఆ పోరాటం నుంచే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఊపిరి పోసుకుంది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షన్‌లో పనులన్నింటినీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని, అందుకు కావలసిన రికార్డులన్నీ పంచాయతీ ఇచ్చి తీరాలని రాసింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం ప్రారంభమైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఉద్యమంగా పుట్టిన తనిఖీని ప్రభుత్వమే తన మీద తాను పెట్టుకున్న కాపలాగా మార్చిన తొలి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తనిఖీల కోసమే 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పాటైంది. కాగ్‌తో సంప్రదించి కేంద్రం 2011లో తెచ్చిన తనిఖీ నిబంధనలకు నమూనా మన అనుభవమే. దేశం నేర్చుకోవడానికి వచ్చిన బడి ఇది.

ఆ బడిలోని పాఠం చాలా సూటిగా ఉంటుంది. పని చేయించినవాడు తన పనికి తానే మార్కులు వేసుకోకూడదు. తనిఖీకి వచ్చే రిసోర్స్ పర్సన్ ఆ పంచాయతీ వాసి కాకూడదన్నది నిబంధన. రికార్డు ఆఫీసులో కూర్చుని చూసేది కాదు, ఇల్లిల్లూ తిరిగి ప్రతి పేరునూ మనిషితో పోల్చిచూడాలి. తవ్విన గుంతకు టేపు పెట్టాలి. పొడవు, వెడల్పు, లోతు ఎం.బుక్‌లో ఎంత రాశారో, నేల మీద ఎంత ఉందో బేరీజు వేయాలి. తేలింది ముందు గ్రామసభలో, తర్వాత మండల ప్రజావేదికలో అందరూ వినేలా చదవాలి. ఆడిటర్ కాగితాన్ని కాగితంతో సరిచూస్తాడు. ఊరు కాగితాన్ని మట్టితో, మనిషితో సరిచూస్తుంది. ఓచర్లన్నీ సక్రమంగా ఉన్న దొంగతనాన్ని పట్టుకోగలిగేది ఈ రెండో చూపే.

మరి ఇంత చేశాక ఫలితమేమిటి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో 300 పంచాయతీల తనిఖీ నివేదికలను, 2006 నుంచి 2010 దాకా వచ్చినవాటిని, ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఇవర్సన్ జల్లెడ పట్టారు. తనిఖీలు అక్రమాలను బాగానే పట్టుకుంటున్నాయనీ, అక్రమార్కులను భయపెట్టడంలో మాత్రం బలహీనంగా ఉన్నాయనీ వారు తేల్చారు. తనిఖీ మీద తనిఖీ జరిగినా మొత్తం అక్రమాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కూలి చెల్లింపుల్లో దొరికిపోతామని తెలిసినచోట చేతివాటం కూలీలకు అంతుపట్టని మెటీరియల్ బిల్లుల వైపు మళ్లింది. దొంగ మారలేదు, దారి మార్చాడు. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. తేలిన సొమ్ములో అత్యధిక భాగం వెనక్కి రాలేదు, ఉద్యోగం పోయినవారూ క్రిమినల్ కేసు ఎదుర్కొన్నవారూ లెక్కలోకి రానంత తక్కువ. పట్టుబడినా పోయేదేమీ లేదని తెలిశాక ఇక భయమెందుకు?

ప్రజావేదిక ముగిశాక ఏం జరుగుతుందో మండలాల్లో అందరికీ తెలుసు. షామియానా విప్పుతారు, జంపఖానాలు చుట్టేస్తారు, ఫైలు జిల్లాకు పోతుంది. అక్కడి నుంచి వివరణ కోరుతూ నోటీసు వస్తుంది, ఆ నోటీసుకు వివరణ, ఆ వివరణ మీద మరో విచారణ. చివరికి వేటు పడితే పడేది గౌరవ వేతనం మీద బతికే ఫీల్డ్ అసిస్టెంట్ మీద. కొలతలు రాసిన చెయ్యి, సంతకం పెట్టిన చెయ్యి, బిల్లు దాటించిన చెయ్యి శుభ్రంగా కడుక్కుంటాయి. తీసేసిన ఫీల్డ్ అసిస్టెంటు కూడా ఊరి నాయకుడి అండ ఉంటే మళ్లీ పనిలో చేరతాడు. ప్రజావేదికలో నోరు విప్పిన కూలీకి మాత్రం మరుసటి వారం పని దొరకదు. అక్రమార్కుల విచారణకు ప్రత్యేక న్యాయస్థానాలకు వీలు కల్పిస్తూ 2012లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చట్టమే చేసింది. ఆ చట్టం కింద ఎందరు దోషులు శిక్ష అనుభవించారో చెప్పమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. జవాబు గర్వంగా చెప్పుకొనేదే అయితే ఈపాటికి హోర్డింగులు వెలిసేవి.

తనిఖీ చేసేవారి స్థితి చూస్తే ఈ నిర్లక్ష్యం మరీ తేటతెల్లం. ఉపాధి హామీ పథకం ఖర్చులో అర శాతం దాకా తనిఖీలకు కేటాయించాలన్నది ఏర్పాటు. ఆ డబ్బు సకాలంలో అందక తనిఖీలు కుంటుపడిన ఉదంతాలు పలు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఎవరి పనిని తప్పుపట్టాలో ఆ శాఖ దగ్గరే జీతానికి చెయ్యి చాచాల్సి వస్తే గొంతు ఎంత గట్టిగా లేస్తుంది? తనిఖీ బృందాలూ కడిగిన ముత్యాలేమీ కావు. పేర్లు తీసేయడానికి బేరాలు కుదిరాయన్న ఫిర్యాదులు వాటి మీదా ఉన్నాయి. అయితే కాపలావాడు నిద్రపోతున్నాడని కాపలానే ఎత్తేయరు. వాడికి వేళకు జీతమిచ్చి, వాడి మీదా ఒక కన్ను వేస్తారు.

మనుషులను నమ్మలేకపోతే యంత్రాన్ని నమ్ముకుందామన్నది కేంద్రం ఎంచుకున్న దారి. 2023 జనవరి నుంచి పని స్థలంలో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని గుట్టల్లో హాజరు పడక కూలి పోగొట్టుకున్నవారు నిజమైన కూలీలు. దొంగలు మాత్రం ఫొటోకు ఫొటో తీసి పెట్టారు, సంబంధం లేని బొమ్మలు ఎక్కించారు. ఈ ఫొటో మోసాలను ఏకరువు పెడుతూ 2025 జులైలో సాక్షాత్తు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసుకోవాల్సి వచ్చింది. తేడా గమనించాలి. యాప్ కూలీ మీద నిఘా పెడుతుంది, సామాజిక తనిఖీ అధికారి మీద పెడుతుంది. మొదటిదాన్ని తప్పనిసరి చేసి రెండోదాన్ని ఎండబెట్టే ప్రభుత్వం ఎవరిని దొంగగా చూస్తున్నదో చెప్పకనే చెబుతోంది. పథకం పేరు మారినా, చట్టం మారినా ఈ చూపు మారనంతవరకు ఒరిగేదేమీ లేదు.

అసలు సిగ్గుపడాల్సిన సంగతి మరొకటుంది. చెరువు పూడికతీతలో ఒక్క గుంతకు టేపు పట్టుకుని దిగే రాజ్యం, లక్ష కోట్ల ప్రాజెక్టు దగ్గర కళ్లు మూసుకుంది. కాళేశ్వరం ఎత్తిపోతలకు 2016లో శంకుస్థాపన జరిగింది, 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. నాలుగేళ్లు తిరిగి నాలుగు నెలలు గడిచేసరికి, 2023 అక్టోబర్ 21న ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజు పియర్లు కుంగాయి. ఆ తర్వాత, 2024 ఫిబ్రవరిలో, కాగ్ నివేదిక సభ ముందుకొచ్చింది. కేంద్ర జల సంఘానికి 81,911 కోట్ల రూపాయలుగా చూపిన ప్రాజెక్టు వ్యయం 1.47 లక్షల కోట్లు దాటుతుందని అది లెక్కగట్టింది. పెట్టే ప్రతి రూపాయికి రూపాయిన్నర ప్రయోజనమని ప్రభుత్వం చెప్పుకోగా, దక్కేది 52 పైసలే కావచ్చని తేల్చింది. సవివర నివేదికకు ఆమోదం రాకముందే సుమారు 25 వేల కోట్ల విలువైన 17 పనులు అప్పగించేశారని బయటపెట్టింది. ప్రతి అక్షరమూ విలువైనదే. కానీ అదంతా వెలుగు చూసేసరికి డబ్బు ఖర్చయిపోయింది, పియర్లు కుంగిపోయాయి, ఎన్నికలు కూడా అయిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. 1.51 అని ప్రభుత్వం వేసుకున్న ఆ ప్రయోజన-వ్యయ నిష్పత్తిని మొదటి తట్ట మట్టి ఎత్తకముందే స్వతంత్రంగా లెక్కించి జనం ముందు పెట్టి ఉంటే, ఇవాళ కమిషన్లూ విచారణలూ వాటి మీద రాజకీయ మల్లయుద్ధాలూ అవసరమయ్యేవా?

గోదావరి దిగువన పోలవరం కథ కూడా భిన్నమేమీ కాదు. కట్టిన డయాఫ్రం వాల్ వరదలకు దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలైంది. ఒకే గోడకు ప్రజలు రెండుసార్లు మూల్యం చెల్లిస్తున్నారు. తప్పెవరిదన్న ప్రశ్నకు ఒక పార్టీ వేలు మరో పార్టీ వైపు, ఆ పార్టీ వేలు ఈ పార్టీ వైపు చూపిస్తున్నాయి. పనులు జరుగుతుండగానే ఏడాదికోసారి స్వతంత్ర సాంకేతిక మదింపు జరిగి, ఆ నివేదిక బహిరంగంగా ఉండి ఉంటే ఈ వేళ్లాట సాగేదే కాదు.

మదింపు అంటే మన దగ్గర గెలిచినవాడు ఓడినవాడి మీద రాసే శ్వేతపత్రం. 2023 డిసెంబర్‌లో తెలంగాణ కొత్త ప్రభుత్వం అప్పుల మీద ఒకటి వెలువరించింది. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ కొత్త ప్రభుత్వం పోలవరంతో మొదలుపెట్టి వరసగా కొన్నింటిని వదిలింది. వాటిలోని అంకెలు నిజమే కావచ్చు, కాకపోవచ్చు. ఓటరు మాత్రం వాటిని అంకెలుగా చదవడు, ఏ పార్టీ వేసిందో చూసి నమ్ముతాడు లేదా కొట్టిపారేస్తాడు. ఎదుటివాడి ఇంటి లెక్క తీయడానికి ఉన్న ఉత్సాహంలో పదోవంతు తన ఇంటి లెక్క మీద చూపిన ముఖ్యమంత్రిని రెండు రాష్ట్రాల జనం ఇంకా చూడాల్సే ఉంది. తాను అధికారంలో ఉండగా, తన పథకం మీద, తనకు నచ్చని నిజాన్ని వెల్లడించిన ప్రభుత్వానికే మదింపు గురించి మాట్లాడే అర్హత.

ఢిల్లీ కొలువూ ఇందుకు అతీతం కాదు. సమాజ వికాస పథకాల ఫలితాలను కొలవడానికి 1952లోనే ప్రత్యేక సంస్థను నెలకొల్పుకున్న దేశం ఇది. ప్రణాళికా సంఘం నీడ నుంచి బయట నిలబడి పథకాలను తూచాలని పుట్టిన స్వతంత్ర మదింపు కార్యాలయం సరిగా నిలదొక్కుకోకముందే, ప్రభుత్వం మారిన కొన్ని నెలలకు, 2014 సెప్టెంబర్‌లో మూతపడింది. నిరుద్యోగ సర్వే నివేదికను తొక్కిపెట్టారంటూ 2019 జనవరిలో జాతీయ గణాంక సంఘం సభ్యులిద్దరు రాజీనామా చేశారు. ఆ అంకెలు సార్వత్రిక ఎన్నికలు ముగిశాక గానీ బయటికి రాలేదు. 2017-18 కుటుంబ వినియోగ వ్యయ సర్వేనైతే నాణ్యత సాకుతో అసలు విడుదలే చేయబోమన్నారు. నచ్చని థర్మామీటరును పగలగొడితే జ్వరం తగ్గదు. తర్వాత చూపించే ప్రతి మంచి అంకె మీదా అనుమానం ముసురుకుంటుంది. ఢిల్లీ కేంద్రపాలిత ప్రాంతంలో ఒక ప్రభుత్వం సభ ముందు పెట్టకుండా ఉంచిన కాగ్ నివేదికలు 14. అవి 2025లో ప్రభుత్వం మారాక బల్ల మీదికి రావడం మొదలైంది. పార్టీలు వేరు, జబ్బు ఒక్కటే.

జబ్బుకు రాజ్యాంగంలోనూ ఒక సందు దొరికింది. కాగ్ నివేదికను చట్టసభ ముందు ఉంచాలని 151వ అధికరణం చెబుతుంది. ఎన్ని రోజుల్లోనో చెప్పదు. ఆ మౌనాన్నే ప్రభుత్వాలు వాటంగా వాడుకుంటున్నాయి. బడ్జెట్ సమావేశాల చివరి రోజు, చర్చకు తావు లేని వేళ చూసి నివేదికను జారవిడుస్తాయి. ఆ తర్వాత దాన్ని పరిశీలించాల్సింది ప్రజా పద్దుల సంఘం. దానికి ప్రతిపక్ష సభ్యుణ్ని అధ్యక్షుణ్ని చేయడం పార్లమెంటులో 1967 నుంచి సంప్రదాయం. 2024లో తెలంగాణలో ఆ కుర్చీ దక్కింది ప్రతిపక్షం టికెట్‌పై గెలిచి పాలక పక్షంలోకి ఫిరాయించారన్న అభియోగం ఎదుర్కొన్న సభ్యుడికి. ఆంధ్రప్రదేశ్‌లో, ప్రతిపక్షం ఎన్నికను బహిష్కరించి వెళ్లిపోగా, అది పాలక కూటమి భాగస్వామికే పోయింది. సాంకేతిక కారణాలు ఎన్ని చెప్పినా, పరీక్ష రాసినవాడి చేతికే జవాబు పత్రం దిద్దే ఎర్ర పెన్ను ఇచ్చిన మాట నిజం.

ఇన్ని తనిఖీలైతే అధికారి సంతకం పెట్టడానికే భయపడతాడనే వాదన ఒకటుంది. 2జీ స్పెక్ట్రమ్‌లో 1.76 లక్షల కోట్ల నష్టమన్న కాగ్ అంచనా ఒక ప్రభుత్వాన్ని కుదిపేసిందనీ, 2017లో విచారణ కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసిందనీ గుర్తుచేస్తారు. కొట్టిపారేయదగ్గ వాదన కాదు. మదింపు చేసేవారి లెక్కనూ పద్ధతినీ కూడా బహిరంగంగా పరీక్షకు పెట్టాలి. నష్టం వేరు, నేరం వేరు అన్న విచక్షణ నివేదికలోనే ఉండాలి. అయితే ఇది మదింపును మరింత పదునుగా చేయమని చెప్పే వాదనే తప్ప, వద్దని చెప్పేది కాదు. నిజాయతీగా తప్పు చేసిన అధికారికి బహిరంగ రికార్డును మించిన రక్షణ లేదు. చీకట్లో అతడికీ దొంగకూ తేడా కనిపించదు.

కాబట్టి తీర్పు స్పష్టం. కొత్త యాప్‌లు, కొత్త డాష్‌బోర్డులు, కొత్త కమిటీలు ఇక చాలు. సామాజిక తనిఖీలో తేలిన ప్రతి అంశం మీద నిర్ణీత గడువులో చర్య తీసుకోవాలి, తీసుకోకుంటే ఎందుకో అదే ఊరి గ్రామసభకు వచ్చి చెప్పాలి. ఆ పని జిల్లా అధికారి విచక్షణకు వదలకుండా చట్టంలో రాయాలి. పలు శాఖల పథకాలకు వర్తించేలా మేఘాలయ 2017లోనే సామాజిక తనిఖీ చట్టం చేసుకుంది. దారి చూపించిన తెలుగు రాష్ట్రాలు ఇవాళ వెనకబడ్డాయి. తనిఖీ సొసైటీ సారథిని ఎంపిక చేసే అధికారం, దాని నిధుల తాళం చెవి పని చేయించే శాఖ చేతి నుంచి తప్పించాలి. వెయ్యి కోట్లు దాటే ప్రతి పనికీ మొదలుపెట్టే ముందు, సగంలో, ముగిశాక స్వతంత్ర మదింపు జరగాలి, ఆ నివేదికలు తెలుగులో ప్రజలకు అందాలి. కాగ్ నివేదిక ప్రభుత్వానికి చేరాక వచ్చే తొలి సమావేశంలోనే సభ ముందుకు రావాలి, చర్చకు ఒక రోజు కేటాయించాలి. పద్దుల సంఘం పగ్గాలు ప్రతిపక్షానివే కావాలి. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది జవాబు చెప్పడానికి సిద్ధపడటం.

ఆ షామియానా కింద లేచి నిలబడిన మహిళ ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. ఊరి పెద్దల కంటపడతానని తెలిసీ మాట్లాడింది. తన పేరు మీద ఎవరో ఎత్తుకున్న డబ్బు గురించి ఆమె పెద్ద న్యాయమేమీ కోరలేదు, ఆ వారం తాను పనికి పోలేదన్న నిజాన్ని రికార్డులో రాసుకోమంది, అంతే. రాసుకున్నారు. మళ్లీ తనిఖీ జరిగేనాటికి అదే ఫీల్డ్ అసిస్టెంటు అదే బల్ల పక్కన నిలబడి కనిపిస్తే ఆమె ఇక రాదు, తన పక్కింటామెనూ రానివ్వదు. ఖాళీ జంపఖానా ముందు మైకులో మస్టరు చదివి ‘అభ్యంతరాలు లేవు’ అని రాసుకుని వెళ్లే రోజు వస్తే, ఆ రెండు మాటలనూ తమ నిజాయతీకి సాక్ష్యంగా చూపుకొనే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.